మెయింటెనెన్స్ లోపం రుజువైతే పరిహారం వచ్చేస్తుందా?

ప్రశ్న: 19 నెలల క్రితం నేను, మా ఆవిడ విదేశానికి వెళ్తుంటే విమానం గాల్లో ఉండగానే క్యాబిన్‌లో ప్రెషర్ పడిపోయింది. పైనుంచి ఆక్సిజన్ మాస్కులు ఊడిపడ్డాయి. విమానం చాలా వేగంగా కిందికి దిగింది. పిల్లల్ని మళ్లీ చూస్తామన్న ఆశ వదులుకున్నాం. దారిలో వేరే ఎయిర్‌పోర్టులో దింపి, మర్నాడు ఇంకో విమానంలో పంపారు. నాకు ముక్కులోంచి రక్తం కారింది, ఎడమ చెవి పోటు భరించలేకపోయాను. ఇప్పటికీ ఆ చెవి సరిగా వినపడదు, ఎప్పుడూ లోపల ఏదో మోగుతూనే ఉంటుంది. మా ఆవిడ నిద్రలో ఉలిక్కిపడి లేస్తోంది, విమానం మాటెత్తితే వణికిపోతోంది. అదే విమానానికి కొద్ది రోజుల ముందే ప్రెషర్ సమస్య వచ్చిందని, సరిగా రిపేరు చేయకుండా పంపేశారని వార్తల్లో చదివాం. దర్యాప్తు నివేదిక వచ్చాక కేసు వేద్దామని ఆగాం, అది ఇంకా రాలేదు. ఎయిర్‌లైన్స్ వాళ్లు ‘దర్యాప్తు పూర్తయ్యాక పరిశీలిస్తాం’ అని మెయిల్ పెట్టారు, ఈలోగా వోచర్లు తీసుకోమంటున్నారు. సామాను రెండు రోజులు ఆలస్యంగా చేరింది. ఎయిర్‌పోర్టు డాక్టరు ఇచ్చిన చీటీ, బోర్డింగ్ పాస్ ఎక్కడో పోయాయి. ఈఎన్‌టీ డాక్టరుకు అయిదు నెలల తర్వాత చూపించుకున్నాను. తెలిసిన డాక్టరొకాయన ప్రయాణం మర్నాటి తేదీతో సర్టిఫికెట్ రాసిస్తానంటున్నారు. నేను ఫ్యాక్టరీలో జనరేటర్ సెక్షన్‌లో పనిచేస్తాను, ఏటా కంపెనీయే చెవి పరీక్ష చేయిస్తుంది, ఎప్పుడూ ఏ ఇబ్బందీ లేదు. మా ప్రాణాలతో ఆడుకున్నవాళ్లకు బుద్ధి వచ్చేలా పెద్ద మొత్తం రాబట్టాలి. ఎలా?

జవాబు: మీ బాధంతా ఆ విమానాన్ని ఎవరు సరిగా బాగుచేయలేదన్న దాని చుట్టూనే తిరుగుతోంది. మీ కేసు తేలేది దాని మీద కాదు. మీ ఎడమ చెవి ఆ ప్రయాణంలోనే దెబ్బతిందని కాగితాలతో చూపగలరా, రెండేళ్లు నిండేలోపు కోర్టు ముందు పెట్టగలరా, ఇదొక్కటే ప్రశ్న. దీనికి పనికొచ్చే మాట మీ ఉత్తరం చివర్లో ఉంది, ఏదో మాటవరసకు రాసినట్టు రాశారు: ఏటా కంపెనీ చేయించే చెవి పరీక్ష. దాని దగ్గరికి వస్తాను. ముందు చట్టం ఏం అడుగుతుందో చూడండి.

అంతర్జాతీయ ప్రయాణంలో గాయపడ్డవారికి పరిహారం ఎవరివ్వాలి, ఎంత దాకా ఇవ్వాలి, ఎప్పటిలోగా అడగాలి అన్నది 1999 నాటి మోన్‌ట్రియల్ ఒప్పందం నిర్ణయిస్తుంది. భారత్, అమెరికా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ దేశాలు, గల్ఫ్ దేశాలు సహా చాలా దేశాలు ఇందులో ఉన్నాయి. దీని 17వ అధికరణ ప్రకారం ఒక ప్రమాదం జరగాలి, అది విమానంలో గానీ ఎక్కే దిగే సమయంలో గానీ జరగాలి, దానివల్ల ఒంటికి గాయం కావాలి. అంతే. తప్పు ఎవరిదన్న ప్రశ్న ఇందులో లేదు. 21వ అధికరణ ప్రకారం ఒక్కో ప్రయాణికుడికి 151,880 ఎస్‌డీఆర్‌ల దాకా ‘మా నిర్లక్ష్యం ఏమీ లేదు’ అనే వాదన ఎయిర్‌లైన్స్‌కు పనికిరాదు. 2024 డిసెంబర్ 28 నుంచి ఈ అంకె అమల్లో ఉంది, అంతకు ముందు అది 128,821. ఎస్‌డీఆర్ అనేది అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క, ఒక్కొక్కటి డాలరు కంటే ఎక్కువ విలువ చేస్తుంది. మీ నష్టం ఆ పరిమితి దాటినా సరే, తమ నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకోవాల్సిన భారం వాళ్లదే. అంటే 19 నెలలుగా మీరు ఏ రుజువు కోసం కూర్చున్నారో, ఆ రుజువు చట్టం మిమ్మల్ని అడగనే లేదు.

ఇంకోవైపు, మెయింటెనెన్స్ తప్పు పూర్తిగా బయటపడినా డబ్బు రాని కేసు ఒకటుంది. మీరు తప్పక తెలుసుకోవాలి. 1983 మే 5న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి మయామీ నుంచి బహమాస్‌లోని నసావుకు బయల్దేరింది. ఇంజిన్ ఆయిల్‌లో లోహపు రజను ఉందేమో పట్టి చూపే చిన్న పరికరాలను అంతకు ముందే మార్చారు. మార్చినప్పుడు ఆయిల్ కారకుండా ఆపే ఓ-రింగులు మెకానిక్‌లు వాటికి పెట్టలేదు. మూడు ఇంజిన్లలోనూ అదే తప్పు. ఆయిల్ కారిపోయి ముందు ఒక ఇంజిన్‌ను ఆపాల్సి వచ్చింది, తర్వాత మిగతా రెండూ ఆగిపోయాయి. సముద్రం మీద దించబోతున్నామని ప్రయాణికులకు చెప్పేశారు. ఆఖరి నిమిషాల్లో మొదట ఆపిన ఇంజిన్ మళ్లీ అందుకోవడంతో మయామీకే తిరిగొచ్చి క్షేమంగా దిగారు. ప్రయాణికులు కేసు వేశారు. వాళ్ల భయం నిజం, మెకానిక్‌ల తప్పు నిజం. అయినా 1991లో అమెరికా సుప్రీంకోర్టు వాళ్ల వాదన ఒప్పుకోలేదు. ఒంటికి ఏ దెబ్బా తగలకుండా మనసుకు కలిగిన వేదనకు మాత్రమే 17వ అధికరణ కింద పరిహారం లేదంది. అది మోన్‌ట్రియల్ ఒప్పందానికి ముందున్న పాత వార్సా ఒప్పందం కింద వచ్చిన తీర్పే, కానీ ‘శరీరానికి గాయం’ అన్న షరతు కొత్త ఒప్పందంలోనూ అలాగే ఉంది. 2002లో, అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు అయిన బ్రిటన్ ప్రభువుల సభ కూడా అదే దారిలో నడిచింది.

కాబట్టి ‘పిల్లల్ని చూస్తామన్న ఆశ వదులుకున్నాం’ అన్న మాట మీద పేజీలు నింపకండి. చెవి గురించి నింపండి.

ఇక గడువు. 35వ అధికరణ రెండేళ్లు ఇస్తుంది. విమానం గమ్యం చేరిన తేదీ, చేరాల్సిన తేదీ, ప్రయాణం ఆగిపోయిన తేదీ, వీటి నుంచి లెక్క. మిమ్మల్ని దారిలో దింపేసి మర్నాడు పంపారు కాబట్టి ఏ తేదీ తీసుకోవాలన్న వాదన వస్తుంది. మీరు ఆ వాదనలోకే వెళ్లొద్దు, అన్నిటికంటే ముందు వచ్చే తేదీ పట్టుకోండి. తిరుగు ప్రయాణం తేదీ నుంచి లెక్కేసుకుంటే ఇంకా టైమ్ ఉందని ఎవరైనా చెబితే వినకండి.

ఈ రెండేళ్లు దాటితే హక్కే పోతుందని ఒప్పందం అంటోంది. మామూలు కేసుల్లో ఆలస్యానికి కారణం చూపి మన్నించమని పిటిషన్ పెట్టుకునే వీలు కొంత ఉంటుంది. ఇక్కడ దాన్ని నమ్ముకుంటే మునిగిపోతారు. దర్యాప్తు నడుస్తోందనీ, ఎయిర్‌లైన్స్ పరిశీలిస్తామందనీ, లీగల్ నోటీసు పంపాననీ, విమానయాన నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేశాననీ చెప్పుకున్నా గడియారం ఆగదు. కోర్టులో దావా దాఖలు కావాలి. ‘దర్యాప్తు పూర్తయ్యాక పరిశీలిస్తాం’ అన్న మెయిల్‌ను మీరు హామీ అనుకున్నారు. అందులో ఏ హామీ ఉంది? చదివి చూడండి. రెండేళ్లు నిండిన మర్నాడు వాళ్లు ఏమీ పరిశీలించనక్కర్లేదు, చట్టమే వాళ్లను కాపాడుతుంది. చేతిలో ఉన్న 24 నెలల్లో 19 నెలలు ఒక నివేదిక కోసం ఖర్చు చేశారు. ఒక్క రోజు ఏ లాయరు దగ్గర కూర్చున్నా ఈ మాట చెప్పేవారు.

ఆ నివేదిక గురించి కూడా సూటిగా చెప్తాను. విమాన ప్రమాదాల దర్యాప్తులన్నీ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 13వ అనుబంధం ప్రకారం నడుస్తాయి. వాటి ఏకైక ఉద్దేశం అలాంటిది మళ్లీ జరగకుండా చూడటం. నింద ఎవరిదో, బాధ్యత ఎవరిదో తేల్చడం వాళ్ల పని కాదని ఆ అనుబంధంలోనే రాసి ఉంది. వీలైతే 12 నెలల్లో తుది నివేదిక ఇవ్వాలంటుంది గానీ అంతకంటే ఎక్కువ పట్టిన దర్యాప్తులు ఎన్నో ఉన్నాయి. వచ్చిన నివేదికను కోర్టులో సాక్ష్యంగా వాడుకోవచ్చా అన్నదీ దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో రవాణా భద్రతా బోర్డు నివేదికను పరిహారం దావాలో సాక్ష్యంగా వాడటాన్ని చట్టమే నిషేధించింది. ఇంగ్లండ్‌లో అప్పీలు కోర్టు 2014లో అలాంటి నివేదికను అనుమతించింది. దావా వేశాక నివేదిక వస్తే అప్పుడు వాడుకునే దారి చూసుకోవచ్చు. దావా లేకుండా నివేదిక వస్తే దాన్ని చదువుకోవడం తప్ప చేయగలిగింది ఉండదు.

ఇప్పుడు చెవి సంగతి. అవతలి లాయరు మొదట అడిగేది ఏమిటో తెలుసా? ‘మీరు ఎక్కడ పనిచేస్తారు?’ జనరేటర్ సెక్షన్ అని మీరు చెప్పగానే వాళ్ల కేసు సగం సిద్ధమైనట్టే. ఏళ్ల తరబడి ఆ మోతలో నిలబడ్డ మనిషికి చెవుడు వస్తే అది విమానం వల్లే వచ్చిందని ఎలా అంటారని వాదిస్తారు. పైగా మీరు ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లింది అయిదు నెలల తర్వాత. ఆ అయిదు నెలలూ మీరు అదే సెక్షన్‌లో డ్యూటీ చేశారు. కర్ణభేరికి చిల్లు పడి ఉన్నా ఆ పాటికి మానిపోయి ఉండొచ్చు. వారంలోపు చూపించుకుని ఉంటే ఈ తలనొప్పే ఉండేది కాదు.

అందుకే కంపెనీ చెవి పరీక్షలు మీకు ప్రాణం. ప్రయాణానికి ముందు చేసిన చివరి ఆడియోగ్రామ్ (ఏ శబ్దం ఎంత వినపడుతుందో గీతతో చూపే పరీక్ష కాగితం), తర్వాత చేసిన మొదటిది, ఈఎన్‌టీ చేయించినది, ఈ మూడూ పక్కపక్కన పెట్టాలి. మోత వల్ల వచ్చే నష్టం సాధారణంగా రెండు చెవులకూ దాదాపు సమానంగా వస్తుంది, మొదట 4,000 హెర్ట్‌జ్ చుట్టుపక్కల గీత కిందికి దిగుతుంది, అదీ ఏళ్ల మీద మెల్లగా. ప్రెషర్ ఒక్కసారిగా మారడం వల్ల వచ్చే దెబ్బ ఒక చెవికే తగలొచ్చు, ఆ తేదీకి ముందు లేనిది తర్వాత కనపడుతుంది. ప్రయాణానికి ముందు మీ రెండు చెవులూ ఒకేలా ఉండి, తర్వాత ఎడమది మాత్రం పడిపోయి ఉంటే, మీ వాదన ఏ సాక్షీ అక్కర్లేకుండా ఆ కాగితాలే చెబుతాయి. పాత పరీక్షలోనే ఎడమ చెవి తగ్గి ఉంటే మాత్రం ఎంత పెద్ద లాయరు వచ్చినా కష్టం. అది నాకూ తెలియాలి, మీకూ తెలియాలి, దావా వేయకముందే తెలియాలి. ఆ కాపీలు కంపెనీ మెడికల్ సెక్షన్ నుంచి ముద్ర వేయించి తీసుకోండి. ఫోన్‌లో తీసిన ఫొటో చాలనుకోవద్దు.

‘ప్రమాదం’ అన్న మాట మీద కూడా వాళ్లు పట్టుకుంటారు. 1985లో అమెరికా సుప్రీంకోర్టు సాక్స్ కేసు తేల్చింది. పారిస్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లిన ప్రయాణికురాలికి విమానం దిగేటప్పుడు ఎడమ చెవి వినికిడి పోయింది. కానీ ఆ విమానంలో ప్రెషర్ వ్యవస్థ మామూలుగానే పనిచేసింది. ప్రయాణికుడికి బయట జరిగిన, అనుకోని లేదా అసాధారణమైన ఘటన ఉంటేనే అది ప్రమాదమని, మామూలుగా పనిచేసిన విమానంలో ఒకరి శరీరం లోపల జరిగిన మార్పు ప్రమాదం కాదని కోర్టు చెప్పింది. మీ విషయం దీనికి పూర్తిగా తలకిందులు. క్యాబిన్‌లో గాలి పీడనం దాదాపు 14,000 అడుగుల ఎత్తులో ఉండే స్థాయికి పడిపోయినప్పుడు మాస్కులు వాటంతటవే ఊడిపడతాయి. మామూలు ప్రయాణంలో అది 8,000 అడుగుల స్థాయి దాటదు. మాస్కులు పడ్డాయంటేనే వ్యవస్థ విఫలమైందని అర్థం. పైలట్లు విమానాన్ని గబగబా 10,000 అడుగులకు దించడం భద్రతా నియమమే కదా, అది ప్రమాదం ఎలా అవుతుందని వాళ్లు అనొచ్చు. అదే సాక్స్ తీర్పు గాయానికి దారితీసిన గొలుసులో ఏ ఒక్క లంకె అసాధారణమైనా చాలని కూడా చెప్పింది. వ్యవస్థ ఎందుకు విఫలమైందన్నది ఇక్కడ అవసరం లేదు, విఫలమైందన్నది చాలు.

డాక్టరుగారి సర్టిఫికెట్ గురించి. వద్దు. ఆ కాగితాన్ని ఇంట్లో కూడా ఉంచుకోవద్దు. మర్నాటి తేదీతో సర్టిఫికెట్ అంటే మర్నాడు మీరు ఆ డాక్టరు ఎదుట కూర్చున్నారని కోర్టుకు అబద్ధం చెప్పడం. ఆ రోజు మీరు వేరే దేశపు ఎయిర్‌పోర్టులో ఉన్నారని ఎయిర్‌లైన్స్ దగ్గరే రికార్డు ఉంది, పాస్‌పోర్టు మీద ముద్రలు ఉంటాయి. అవతలివాళ్లు ఆస్పత్రి ఓపీ రిజిస్టరు తెప్పించమంటారు, అందులో మీ పేరు ఉండదు. అక్కడితో మీరు వాది స్థానం నుంచి ముద్దాయి స్థానంలోకి వస్తారు, ఆ డాక్టరు లైసెన్సు కూడా పోవచ్చు. అన్నిటికంటే బాధాకరం, నిజంగా మీ పక్షాన నిలబడే ఆడియోగ్రామ్‌లను కూడా ఆ తర్వాత ఎవరూ నమ్మరు. ఎయిర్‌పోర్టు చీటీ పోయినా ఆ వైద్య కేంద్రం రిజిస్టరు ఎక్కడికీ పోదు. మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీ, ఫ్లైట్ నంబరు రాసి, చికిత్స వివరాల నకలు ఇవ్వమని ఈరోజే రాయండి. నిజమైన ఒక్క వాక్యం, ‘ఎడమ చెవి నొప్పి, చుక్కల మందు ఇచ్చాం’ అన్నది దొరికితే, ఆ దొంగ సర్టిఫికెట్ లాంటివి ఎన్ని పేర్చినా దానికి సాటిరావు. బోర్డింగ్ పాస్ పోతే టికెట్ బుకింగ్ మెయిల్, పీఎన్ఆర్ నంబరు, బ్యాంకు లావాదేవీ సరిపోతాయి. పక్క సీట్లవాళ్లు ఎవరైనా మాస్కుల వీడియో తీసి ఉంటే అసలు ఫైలే అడిగి తీసుకోండి, వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన కాపీలో తేదీ, సమయం వివరాలు మిగలవు.

మీ ఆవిడ విషయం వేరుగా చూడాలి. ఆమెకు ఒంటి మీద గాయం లేకపోతే, చాలా దేశాల్లో పైన చెప్పిన ఈస్టర్న్ తీర్పు బాటే ఆమెకూ వర్తిస్తుంది. పైగా 29వ అధికరణ వల్ల ఒప్పందం ఇవ్వని పరిహారాన్ని స్థానిక చట్టం కింద రాబట్టుకోవడం కూడా కుదరదని పెద్ద కోర్టులు అన్నాయి. యూరోపియన్ యూనియన్‌లో మాత్రం దారి తెరుచుకుంది. లండన్ నుంచి వియన్నా బయల్దేరబోయిన విమానం ఇంజిన్ టేకాఫ్ సమయంలో పేలింది. దిగి బయటికి వచ్చిన ఒక ప్రయాణికురాలు రెండో ఇంజిన్ గాలి ధాటికి ఎగిరి పడింది, తర్వాత తీవ్ర మానసిక రుగ్మత బారిన పడింది. 2022 అక్టోబర్‌లో యూరప్ న్యాయస్థానం, మానసిక గాయం చికిత్స లేకుండా మానదన్నంత తీవ్రమైనదై, మొత్తం ఆరోగ్యాన్నే దెబ్బతీస్తే దాన్నీ ‘శరీరానికి గాయం’గానే లెక్కించాలంది. అది కూడా వైద్య నివేదికతో రుజువు కావాలి. ఆమెను ఇప్పటిదాకా ఏ మానసిక వైద్యుడికీ చూపించినట్టు మీరు రాయలేదు. కేసు కోసం కాకపోయినా, 19 నెలలుగా నిద్రలేని మనిషిని అలా వదిలేయకూడదు. ఈ వారమే చూపించండి. అలాగే ఒత్తిడి వల్ల కడుపులో పుండు లాంటి శరీర రోగం వస్తే దాన్ని గాయంగా బ్రిటన్ ప్రభువుల సభ ఒప్పుకుంది. హెలికాప్టర్ ఇంజిన్లు ఆగిన ఘటనలో వచ్చిన కేసు అది. ఆమెకు అలాంటి లక్షణాలు ఉంటే డాక్టరుకు చెప్పాలి.

సామాను ఆలస్యం గురించి అప్పట్లోనే రాసి ఇవ్వకపోతే ఆశ వదులుకోండి. చేతికొచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, చేసినట్టు మీరు రాయలేదు.

మెయింటెనెన్స్ సంగతి పూర్తిగా పక్కన పడేయమనడం లేదు. మీ నష్టం పరిమితి దాటితే ‘మేం అన్నీ సరిగానే చేశాం’ అని వాళ్లు చూపించబోతారు, అప్పుడు దాన్ని పడగొట్టడానికి పనికొస్తుంది. అందుకని లాయరు చేత ఎయిర్‌లైన్స్‌కు ఒక ఉత్తరం పంపించండి. ఆ విమానం టెక్నికల్ లాగ్, ప్రెషర్ వ్యవస్థపై అంతకు ముందు నమోదైన ఫిర్యాదులు, ఏ రిపేరును వాయిదా వేశారో చెప్పే ఎంట్రీలు, రిపేరు తర్వాత ఎగరడానికి ఇంజినీరు సంతకం చేసిన కాగితం, క్యాబిన్ సిబ్బంది రిపోర్టు, ఫ్లైట్ డేటా, వీటిలో ఏదీ చెరపకుండా భద్రపరచమని అడగాలి. రిపేరు చేసిన కాంట్రాక్టు కంపెనీ మీద మీరు వెంటపడక్కర్లేదు. మీకు కట్టిన డబ్బును వాళ్ల దగ్గర రాబట్టుకునే హక్కు ఎయిర్‌లైన్స్‌కు ఉంటే దానికి ఒప్పందం అడ్డు రాదని 37వ అధికరణ చెబుతోంది, అది వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. ‘బుద్ధి వచ్చేలా’ అన్న కోరిక మాత్రం దావాలో పెట్టకండి. శిక్షగా విధించే అదనపు పరిహారాన్ని 29వ అధికరణ నేరుగా నిషేధించింది. మీకు రావాల్సింది వైద్యం ఖర్చు, పోయిన సంపాదన, చెవి నష్టం, ఆ చెవి వల్ల పడ్డ బాధ.

వోచర్లు ముట్టుకోకముందు ఆ మెయిల్ కింద ఉన్న చిన్న అక్షరాలు చదవండి. ‘అన్ని క్లెయిములూ పూర్తిగా పరిష్కారమైనట్టు అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో టిక్ పెడితే అదే మీ రాజీ పత్రం. ప్రయాణానికి ముందే టికెట్ మీద బాధ్యత తప్పించుకుంటూ రాసుకున్న షరతు 26వ అధికరణ కింద చెల్లదు, కానీ ప్రమాదం తర్వాత మీరు మీ చేత్తో ఒప్పుకున్నదాన్ని అది కాపాడదు. ఇప్పటికే టిక్ పెట్టి ఉంటే నాకు దాచినా లాయరుకు దాచకండి.

దావా ఎక్కడ వేయాలన్నది 33వ అధికరణ చెబుతుంది. ఎయిర్‌లైన్స్ స్థిరపడిన దేశం, దాని ప్రధాన కార్యాలయం ఉన్న చోటు, మీకు టికెట్ అమ్మిన దాని కార్యాలయం ఉన్న చోటు, గమ్యం ఉన్న చోటు. రానుపోను టికెట్ అయితే బయల్దేరిన చోటునే గమ్యంగా కోర్టులు చూస్తూ వచ్చాయి. గాయం కేసుల్లో అయిదోది కూడా ఉంది: ప్రమాదం నాటికి మీ శాశ్వత నివాసం ఉన్న దేశం, అక్కడికి ఆ ఎయిర్‌లైన్స్ విమానాలు నడుపుతూ, కార్యాలయం పెట్టుకుని వ్యాపారం చేస్తుంటే. మీ ఇద్దరి గాయాలూ వేరు కాబట్టి ఏ కోర్టు ఎవరికి మేలన్నది లాయరుతో కూర్చుని చూసుకోండి, కానీ ఆ ఆలోచనకు ఒక నెల మించి ఇవ్వొద్దు.

కంపెనీ ఆడియోగ్రామ్‌లు వచ్చిన రోజే వాటిని ఈఎన్‌టీ డాక్టరు ముందు పెట్టి, చెవి నష్టానికి కారణం ఏమని తన అభిప్రాయమో సంతకంతో రాయించుకోండి. ఆయన మీకు వ్యతిరేకంగా రాసినా సరే, అదీ తీసుకోండి. ఆ ఫైలుతో 22వ నెల దాటకముందే దావా దాఖలై, నంబరు పడాలి. చివరి వారానికి పెట్టుకుంటే, ఆఫీసు అభ్యంతరాలతో కాగితాలు వెనక్కి వచ్చినప్పుడు సరిదిద్దుకునే వ్యవధి మీకు ఉండదు.